కర్రోడి ప్రాజెక్టు: కొబ్బరి దింపు ముఠా మళ్ళీ మా తోటలోకి రావాలి

ఆషాఢం, ముసురు పట్టిన వారం

కర్రోడు నల్ల నాటుకుక్క. మగది. వయసు మూడు నాలుగేళ్ళు ఉండొచ్చు. మా మరిది కాట్రేనికోన వైపు లీజుకి తీసుకున్న రొయ్యల చెరువు దగ్గర కాపలాకని పసిపిల్లగా ఉన్నప్పుడే తెచ్చి పాక గుంజకి కట్టారు. లీజు అయిపోయేదాకా వాడి లోకం ఆ గొలుసు పొడుగే. మేత వేసే ఇద్దరు, రాత్రి కాపలా తాత, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల మోత, పక్షుల్ని తోలడానికి కాల్చే టపాకాయలు. వాడు చూసిందీ విన్నదీ అంతే. చెరువు ఎండగట్టేశాక గట్లమీద ఏమైపోతాడోనని మా ఆయన ట్రాలీ ఆటోలో వేసుకుని అమలాపురం దగ్గర మా ఇంటికి తెచ్చేశారు.

మా ముగ్గురితో వాడికి పేచీ లేదు. ఆడవాళ్ళతోనూ లేదు. కొత్త మగమనిషి గేటు దాటి లోపలికొస్తే మాత్రం ముందు వణుకు, తర్వాత గుర్రు, ఆ తర్వాత మీదికి దూకడం. చేతిలో గెడ, అంటే పొడుగు కర్ర, ఉంటే వణుకూ గుర్రూ ఉండవు, నేరుగా మీదికే. తల మీద చెయ్యి పడితే నాకైనా పళ్ళు చూపిస్తాడు. టపాకాయ పేలితే గడ్డివాము వెనక దూరి మర్నాడు పొద్దెక్కేదాకా బయటికి రాడు.

కోనసీమలో ఉండి గెడంటే భయపడితే ఎలా బతకడం? కొబ్బరికాయ దింపుకి గెడ, పడవకి గెడ, వలకి గెడ. కిందటి దింపులో ముఠాలోని ఓ కుర్రాడి పిక్క పట్టేశాడు. రెండు పళ్ళు దిగాయి, రక్తమొచ్చింది. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మా వైపు ఇంకా కుక్కకాటుకి కారం, పసుపు అద్దేవాళ్ళున్నారు కాబట్టి రాస్తున్నాను: సబ్బు, పారే నీళ్ళు, పదిహేను నిమిషాలు. తర్వాత ఇంజెక్షన్లు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో (0 అంటే మొదటి ఇంజెక్షన్ రోజు) వేస్తారు. రక్తం వచ్చిన కాటు కాబట్టి గాయం చుట్టూ రేబిస్‌ని అడ్డుకునే సీరం కూడా వేశారు. కరిచిన కుక్క 10 రోజులు ఆరోగ్యంగా ఉంటే, కరిచిన రోజుకి దాని చొంగలో రేబిస్ లేనట్టే. అలాగని ఆ 10 రోజులు చూసి అప్పుడు ఇంజెక్షన్ మొదలెడదాం అనుకోకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. కర్రోడు బాగానే ఉన్నాడు. చెరువు దగ్గర వాడికి టీకా వేయించినవాళ్ళు లేరు, ఇక్కడ వేయించాం.

కుర్రాడి ఖర్చులు, పోయిన కూలీ మేం ఇచ్చాం. మేస్త్రి మర్యాదగానే చెప్పాడు: "మీ మీద కోపం కాదండి, మావోళ్ళు ఆ తోటకి రామంటున్నారండి. ఆయ్."

దింపు ఆగితే కాయ ఎండి దానంతటది రాలుతుంది. అది ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు. అందుకని ప్రాజెక్టు గమ్యం ఈ పుస్తకంలో మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను. కర్రోడు అందరితో స్నేహం చెయ్యక్కర్లేదు. ముఠా వచ్చి, కాయ దింపుకుని, ఏ దెబ్బా లేకుండా వెళ్ళాలి. ఆ పూటంతా వాడు వణక్కూడదు.

శ్రావణం, పేరంటాల హడావిడిలో

ఫోన్లు మొదలెట్టాను. ముందు పట్నంలో ఒక ట్రైనర్. కర్రోడి వయసు కూడా అడగకుండానే "పది రోజుల్లో గొర్రెపిల్లని చేసిస్తా, గ్యారంటీ" అన్నాడు. ఎలా చేస్తారంటే, మెడకి బిగుసుకునే గొలుసు వేసి, గుర్రుమన్నప్పుడల్లా ఒక్క గుంజుడు గుంజుతాడట. "మీరే లీడరని దానికి తెలియాలి మేడమ్, ఆల్ఫా!" అన్నాడు.

ఈ ఆల్ఫా కథ ఎక్కడిదో వెతికాను. 1947లో షెంకెల్ అనే శాస్త్రవేత్త జూలో బంధించిన తోడేళ్ళని చూసి రాసినదాంట్లోంచి వచ్చింది. ఒకదానికొకటి ఏమీ కాని తోడేళ్ళని ఒకే ఆవరణలో పెడితే కొట్టుకున్నాయి. ఆ మాటని బాగా ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో ఒకరైన డేవిడ్ మీచ్ అనే ఆయనే, అడవిలో తోడేళ్ళ గుంపంటే అమ్మా నాన్నా పిల్లలేనని 1999లో సరిదిద్ది రాశారు. అంటే తోడేళ్ళ విషయంలోనే నిలబడని మాటని పట్టుకుని మా కర్రోడి మెడ బిగిస్తానంటున్నాడన్నమాట.

అసలు గుర్రు అనేది హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక పోతుంది. గెడ విషయంలో వీడు ఎలాగూ గుర్రు దాటేసి దూకుతున్నాడు. మిగతావాళ్ళ దగ్గర ఉన్న ఆ కాస్త గుర్రు కూడా పోతే చెప్పాపెట్టకుండా కరిచే కుక్క తయారవుతుంది.

రెండో ఆయన నెల్లాళ్ళు తన దగ్గర ఉంచమన్నాడు. మాట పద్ధతిగా ఉంది. కానీ వాడి భయం మా తోటలో, మా గేటు దగ్గర, మా ముఠాతో. అక్కడ నేర్చినది ఇక్కడ పనికొస్తుందని ఏమిటి? పైగా ఆ నెలలో ఏం చేశారో నాకు కనపడదు. వద్దన్నాను.

మూడో ఫోను హైదరాబాదులో ఉన్న ఒక బిహేవియరిస్ట్‌కి, అంటే కుక్కల ప్రవర్తన మీద పనిచేసే ఆవిడకి. ఆవిడ అడిగిన మొదటి మాట: "డాక్టరుకి చూపించారా అండీ?" రెండోది: "ఎవరినైనా కరిచాడా? ఎన్ని పళ్ళు దిగాయి? వదిలేశాడా, పట్టుకుని ఊపాడా?" కాటు ఎంత లోతు, ఒకటా ఎక్కువా అన్నదాన్ని బట్టి ఆరు మెట్లుగా లెక్క వేసే పద్ధతి ఉందట, ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు పెట్టినది. మావాడిది ఒక్క కాటు, పైపైన, పట్టి వదిలేశాడు. మూడో మెట్టు అన్నారు. నాలుగో మెట్టు, ఆ పైన అయితే వేరే సంగతి, అప్పుడు మాట్లాడే మాటలే వేరుగా ఉంటాయన్నారు. గ్యారంటీ ఇస్తారా అని అడిగాను. "ప్రాణమున్న దానికి గ్యారంటీ ఏమిటండీ" అన్నారు. ఈవిడతోనే అనుకున్నాను.

వెతుకుతున్నవాళ్ళకి నాకు అర్థమైనంత చెబుతాను. మన దగ్గర ట్రైనర్ అని బోర్డు పెట్టుకోడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, బిహేవియరిస్ట్ అని పెట్టుకోడానికీ అక్కర్లేదు. అమెరికాలో అయితే పశువైద్యం చదివాక మళ్ళీ ప్రవర్తన మీద స్పెషలైజేషన్ చేసినవాళ్ళ కోసం 1993 నుంచి ఒక కాలేజీ ఉంది, వాళ్ళు మందులూ రాస్తారు, శిక్షణా చెబుతారు. అలాంటివాళ్ళు అక్కడే తక్కువ. ఇక్కడ మనం ఇద్దరిని కలుపుకోవాలి: మందు రాసే డాక్టరు ఒకరు, పద్ధతి చెప్పే మనిషి ఒకరు. కూర్చో, నుంచో నేర్పేవాళ్ళు మూడో రకం. మంచివాళ్ళుంటారు, కానీ భయం వాళ్ళ సబ్జెక్టు కాదు. ఎవరినైనా సరే, "నా కుక్క మీరు చెప్పింది చేస్తే ఏం చేస్తారు, చెయ్యకపోతే ఏం చేస్తారు?" అని అడగండి. రెండోదానికి నసిగినా, "అది అప్పుడు చూసుకుంటాం" అన్నా, ఫోన్ పెట్టేయండి. కుక్కల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం ఒకటి 2021లో తేల్చి చెప్పింది, కరిచే కుక్కలతో సహా ఏ కుక్కకైనా కానుకతో నేర్పే పద్ధతే వాడాలని.

మా అత్తయ్యగారు మాత్రం "మనిషికి జ్వరమొస్తే అమలాపురం, కుక్కకి బెంగొస్తే హైదరాబాదా!" అన్నారు. ఫీజు ఎంతో ఆవిడకి ఇంకా చెప్పలేదు.

శ్రావణం చివర

పశువుల డాక్టరుగారు గేదె ఈత కేసు చూసుకుని, గమ్‌బూట్లతోనే మా ఇంటికొచ్చారు. మగమనిషి, కొత్త, పైగా బూట్లు. నేను ముందే మెత్తటి గాజుగుడ్డతో మూతి కట్టి, అత్తయ్యగారి మడిచీర కాని పాతచీర ఒకటి కళ్ళ మీద కప్పి పట్టుకున్నాను. రక్తం తీశారు, మెడ తడిమారు, చెవిలోకి లైటు వేశారు.

కుడిచెవి లోపలంతా చీము. వానాకాలం తేమకి ముదిరిపోయిందట. తల మీద చెయ్యి వేస్తే పళ్ళు ఎందుకు చూపిస్తున్నాడో అప్పుడు తెలిసింది. రక్తపరీక్షలో టిక్ ఫీవర్, అదే ఎర్లీకియా. గోమార్ల వల్ల వస్తుంది. ఒళ్ళునొప్పులు, నీరసం, చిరాకు. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు, చెవికి చుక్కలు.

ఇంగ్లండులోని లింకన్ యూనివర్సిటీ వాళ్ళు తమ దగ్గరకొచ్చిన ప్రవర్తన కేసుల్ని తిరగేసి 2020లో రాశారు: కనీసం మూడోవంతు జంతువులకి ఎక్కడో ఒకచోట నొప్పి ఉందని, కొన్ని సందర్భాల్లో 80 శాతం దాకా ఉందని. ఆ గొలుసు ట్రైనర్ మా వాడి మెడ గుంజి ఉంటే, చీము పట్టిన చెవి పక్కనే గుంజేవాడు.

భాద్రపదం

చెవి ఆరింది. ఇప్పుడు తల నిమిరితే మాకు పళ్ళు చూపించడం లేదు. ఒక సమస్య శిక్షణ లేకుండానే పోయింది. గెడ, కొత్తమనుషులు, చప్పుళ్ళు మిగిలాయి.

హైదరాబాదు మేడమ్‌తో వీడియోకాల్ మొదలైంది. ముందు పెద్ద ప్రశ్నల పట్టీ పంపారు. ఎక్కడ పుట్టాడు, ఏం తింటాడు, ఎంతసేపు నిద్రపోతాడు, ఎవరొస్తే ఏం చేస్తాడు. వీడియోలూ అడిగారు, ఒక షరతు మీద: "కరుస్తాడో లేదో చూద్దామని రెచ్చగొట్టి తీయొద్దు. మామూలుగా ఉన్నప్పటివి పంపండి." ఆ మామూలు వీడియోల్లోనే నాకు కనపడనివి చూపించారు. పాలవాడి సైకిల్ గంట దూరంగా మోగగానే వాడు మూతి నాక్కుంటాడు. ఆకలేసి కాదు. తర్వాత ఆవలిస్తాడు, నిద్రొచ్చి కాదు. తల ఇటు ఉంచి కంటి తెల్లగుడ్డు కనపడేలా అటు చూస్తాడు. ఆ తర్వాత ఒక్క క్షణం బిగుసుకుంటాడు. గుర్రు అప్పుడు వస్తుంది. అంటే గుర్రుకి ముందు వాడు మాకు చాలాసేపటి నుంచి చెబుతూనే ఉన్నాడు.

గెడతో ఎవరో కొట్టి ఉంటారని మా ఆయన గట్టి నమ్మకం. ఉండొచ్చు, లేకపోవచ్చు. కొట్టక్కర్లేదు కూడా అన్నారు మేడమ్. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల ఏది చూస్తే అది లోకంలో మామూలు వస్తువైపోతుంది, చూడనిది పెద్దయ్యాక భయపెడుతుంది. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు అమెరికాలో ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పెంచి దీన్ని పట్టుకున్నారు. కర్రోడు ఆ వారాలన్నీ గుంజ దగ్గరే గడిపాడు. ఇలా ఏళ్ళ తరబడి గొలుసున ఉంచడం మన చట్టంలో నేరమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టెయ్యడం, కట్టేసిన కుక్కని తిప్పకపోవడం, రెండూ విడివిడిగా ఉన్నాయి. మా మరిదికి చదివి వినిపించాను. "చెరువుల మీద అన్ని కుక్కలూ అంతే కదొదినా" అన్నాడు. నిజమే, అదే బాధ.

మొదటి నెలంతా శిక్షణ అంటూ ఏమీ లేదు, ఏర్పాట్లే. గేటుకి లోపల రెండో గేటు. "కుక్క ఉంది, పిలిచి ఆగండి" అని తెలుగులో బోర్డు. గ్యాస్ కుర్రాడు, కరెంటు బిల్లు ఆయన, పాలవాడు వచ్చే వేళలకి కర్రోడు పశువుల పాకలో, తలుపు వేసి. వాడు మనుషుల మీదికి దూకే అవకాశమే లేకుండా చెయ్యడం. దూకిన ప్రతిసారీ మనిషి వెనక్కి తగ్గుతాడు కాబట్టి దూకడం పనిచేస్తుందని వాడికి రుజువవుతోంది. ఆ రుజువు ఆపాలి.

వినాయకచవితి డప్పులకి ఒకరోజు తిండి మానేశాడు. రాసిపెట్టుకోవడం తప్ప చేసిందేమీ లేదు.

ఆశ్వయుజం, మూతిబుట్ట

అందరూ వాడే గుడ్డ మూతికట్టు డాక్టరు దగ్గర రెండు నిమిషాలకి సరే. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పితేనే ఒంట్లో వేడి తగ్గుతుంది. మా ఉక్కలో నోరు కట్టేస్తే వడదెబ్బే. అందుకే బుట్టలాంటిది, లోపల నోరు పూర్తిగా తెరుచుకునేది, నీళ్ళు తాగగలిగేది కొన్నాం.

తొడిగేసి బకిల్ పెట్టేస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది. కాదు. ముందు బుట్ట నేల మీద పెట్టి, దాన్ని చూస్తే కోడి కార్జం ముక్క. తర్వాత బుట్ట అడుగున కార్జం పెట్టి నేను పట్టుకుంటే వాడే మూతి లోపలికి పెట్టి తీసుకోవాలి. నేను బుట్టని వాడి మీదికి తోయకూడదు. చెయ్యి ఒక్క అంగుళం ముందుకెళ్ళినా వాడు వెనక్కి తగ్గుతాడు, అప్పుడు మళ్ళీ కిందటి మెట్టే. తర్వాత మూతి లోపల ఉండగానే బయటి నుంచి ఊచల సందుల్లోంచి ఒక్కో ముక్క. పట్టీ మెడ వెనక తగలడం, తీసెయ్యడం. పట్టీ పెట్టడం, వెంటనే తీసెయ్యడం. ఇప్పుడు బుట్ట తీస్తే చాలు తోకూపుకుంటూ వచ్చి మూతి దూర్చేస్తున్నాడు. అత్తయ్యగారు చూసి "వీడికిదేదో కంచం అనుకుంటున్నట్టున్నాడు" అన్నారు. అదే కావాలి.

బుట్ట ఉందని ధైర్యం చేసి జనంలోకి తీసుకెళ్ళడానికి కాదిది. నా లెక్క తప్పినరోజు ఎవరి పిక్కా పోకుండా ఉండటానికి. ఒంటరిగా వదిలినప్పుడు బుట్ట ఉంచకూడదు.

ఆశ్వయుజంలోనే, గెడ

మా తోటలో చెట్టుకీ చెట్టుకీ 8 మీటర్లు. వరసలే నాకు టేపు, ఇంటి వైపు నుంచి లెక్క. కర్రోడు, నేను ఇంటి చపటా దగ్గర. మా ఆయన గెడ పట్టుకుని దూరం నుంచి.

తొమ్మిదో వరసలో గెడ కనిపిస్తే చెవులు ముందుకి పెట్టి చూసి, మళ్ళీ నా చేతికేసి చూస్తాడు. ఎనిమిదిలోనూ అంతే, కాస్త ఎక్కువసేపు చూస్తాడు. ఏడో వరసకొస్తే కార్జం నోట్లో ఉంచుకుని నమలడం ఆపేస్తాడు. ఆరో వరసలో ముక్క నోట్లోంచి జారి కింద పడుతుంది, వాడికి తెలీను కూడా తెలీదు. అంటే మా పని ఎనిమిదో వరసలో. ఏడుకి రావాలని మా ఆయనకి తొందర. ఆయన కాళ్ళు నొప్పులు పుట్టేదాకా ఎనిమిదిలోనే నిలబెట్టాను.

ముందు గెడ కనపడాలి, ఆ తర్వాతే కార్జం. కార్జం ముందు చూపిస్తే, కార్జం వస్తే గెడ వస్తుందని తెలుసుకుని కార్జానికే భయపడతాడు. గెడ చెట్టు చాటుకెళ్ళగానే కార్జం బంద్. వాడేం చెయ్యక్కర్లేదు, కూర్చోనక్కర్లేదు, నా మాట వినక్కర్లేదు. గెడ వల్ల కార్జం వస్తుంది, అంతే. పావ్‌లోవ్ కుక్కలకి చొంగ కారించిన సూత్రమే ఇది. మనుషుల భయాలకి దీన్ని మెట్లు మెట్లుగా వాడే పద్ధతి వోల్పే అనే మానసిక వైద్యుడు 1950లలో పెట్టాడు.

గెడని కూడా ముక్కలు చేశాం. నేల మీద పడున్న గెడ సులువు. చెట్టుకి ఆనించింది ఫరవాలేదు. మనిషి భుజం మీద అడ్డంగా ఊగుతూ వచ్చేది కష్టం. ఆకాశంలోకి లేచి ఆకుల్లో దూరి కదిలేది అన్నిటికన్నా కష్టం. కాయ పడే చప్పుడు వేరే పాఠం. పక్క తోటలో దింపు జరుగుతుంటే ఫోనులో రికార్డు చేసుకొచ్చి, వినీ వినపడనంత సౌండులో మొదలెట్టాను.

ఏడో వరస దగ్గర ఆగిపోయాం. ఒకరోజు బాగుంటాడు, మర్నాడు తొమ్మిదిలోనే బిగుసుకుంటాడు. పుస్తకం తిరగేసి చూస్తే, బిగుసుకున్న రోజుల్లో పొద్దున్నే ఏదో ఒకటి జరిగి ఉంటోంది. పక్క చెరువుల మీద టపాకాయ, లేదా గేటు దగ్గర ఎవరో అరవడం. లాకుల్లో నీళ్ళు ఎక్కినట్టు భయం కొంచెం కొంచెంగా ఎక్కుతుంది, సాయంత్రానికి గెడ కనపడేసరికి ఇంక ఎక్కడానికి జాగా ఉండదు. అలాంటి రోజు పాఠం మానెయ్యమన్నారు మేడమ్. బదులుగా కొబ్బరి డొక్కల, అంటే పీచు తొక్కల, కుప్పలో ఉడికించిన కోడిముక్కలు చల్లి వాసన పట్టి ఏరుకోనివ్వమన్నారు. ముక్కు పనిచేస్తుంటే కుక్క నెమ్మదిస్తుంది. డొక్కలు ముందు కర్రతో తిరగేసి చూసుకోండి, మా కుప్పలో తేలు కనపడింది.

దీపావళికి ముందు

ఇలా రోజూ ఎక్కిదిగే కుక్కకి పాఠాలు ఒక్కటే చాలవేమో, మందు గురించి డాక్టరుగారితో మాట్లాడండి అన్నారు మేడమ్. ఆవిడ మందు పేరు చెప్పలేదు, అది తన పని కాదన్నారు. వీడియోలు, నోట్సు అన్నీ ఆయనకి పంపారు. మా డాక్టరుగారు నిజాయితీగా "నేను గేదెల మనిషినమ్మా" అని, గన్నవరం వెటర్నరీ కాలేజీలో తనకి తెలిసినవాళ్ళతో మాట్లాడారు. గన్నవరం అంటే మన పి.గన్నవరం కాదు, విజయవాడ దగ్గరిది.

ఫ్లూఆక్సెటిన్ రాశారు. మనుషుల డిప్రెషన్‌కి వాడేదే. కుక్కల కోసమని 2007లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది, ఒంటరిగా వదిలితే బెంగపడే కుక్కలకి. ఇవ్వగానే మత్తుగా పడుకోబెట్టేది కాదు. పనిచేస్తోందో లేదో తెలియడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో తిండి తగ్గుతుంది, మావాడికి తగ్గింది. మనకి మనం ఆపెయ్యకూడదు, కొద్దికొద్దిగా తగ్గించాలి. మనుషుల మందే కదా అని షాపులో అడిగి కొనేసి వేసెయ్యకండి, లెక్క కుక్క బరువుని బట్టి.

చీటీ రాస్తూ డాక్టరుగారు అడిగిన ఒక్క ప్రశ్న ఇక్కడ పెద్దక్షరాలతో రాయాల్సింది: "గోమార్లకి ఏం వాడుతున్నారు?" మా పాకలో గేదెలకి పట్టించే అమిట్రాజ్ సీసా ఉంది, అదే నీళ్ళలో కలిపి కర్రోడికీ తుడుద్దామని మా ఆయన ఉద్దేశం. అమిట్రాజ్, ఫ్లూఆక్సెటిన్ రెండూ కలవకూడదు, ప్రమాదం. ఆ సీసా అటకెక్కింది. కర్రోడికి వేరే గోమార్ల మందు.

దీపావళి రాత్రికి బెదురు తగ్గడానికి విడిగా గాబాపెంటిన్ ఇచ్చారు. మామూలు రోజున ఒకసారి వేసి తూలుతాడేమో చూసి, అప్పుడు పండక్కి వాడమన్నారు. మాత్రలే కొనమన్నారు. మనుషుల గాబాపెంటిన్ సిరప్పులో జైలిటాల్ అనే తీపి కలిపి ఉండొచ్చు, అది కుక్కకి విషం. పండగ రాత్రి లోపలి గదిలో ఫ్యాను పెద్దది పెట్టి, కిటికీలకి దుప్పట్లు కట్టి, నేను పక్కనే కూర్చున్నాను. భయపడే కుక్కని దగ్గరికి తీస్తే భయం అలవాటవుతుందనే మాట నమ్మకండి. వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంటే పెట్టుకోనిచ్చాను. వణికాడు, కానీ తెల్లారి గంజి తాగాడు. కిందటేడు చెరువు మీద ఎలా గడిపాడో.

కార్తీకం, మార్గశిరం

మందు పట్టింది. వేరే కుక్క అయిపోలేదు. భయపడుతున్నాడు, కానీ తేరుకుంటున్నాడు. పుస్తకంలో ఇప్పుడు దూరంతో పాటు తేరుకునే వేళ కూడా రాస్తున్నాను: ఉలిక్కిపడిన దగ్గర్నుంచి మళ్ళీ ముక్క అందుకునేదాకా. ముందు ఉలిక్కిపడితే ఆ పూటంతా పోయేది. ఇప్పుడు ఒకటి రెండు నిమిషాలు. మా ఆయన గెడతో ఐదో వరస, నాలుగో వరస.

ఆపరేషన్ చేయిస్తే కోపం పోతుందని ఊళ్ళో అందరి సలహా. పిల్లలు పుట్టకుండా మంచిదే, చేయిస్తాం కూడా. భయంతో కరిచే కుక్కకి దానివల్ల భయం తగ్గుతుందని మాత్రం అనుకోవద్దన్నారు డాక్టరుగారు. ఇంకాస్త కుదుటపడ్డాక.

పుష్యం

సంక్రాంతి. చుట్టాలు, మైకులు, కోడిపందేల బళ్ళు, కనుమనాడు ప్రభల తీర్థం బాణసంచా. పాఠాలు లేవు. కర్రోడు వెనకగదిలో, తాళం నా కొంగున. అంతే.

మాఘం, అంతర్వేది తీర్థం అయ్యాక

మేస్త్రిని ఒప్పించడం కర్రోడిని ఒప్పించడం కన్నా కష్టమైంది. గెడ లేకుండా ఒక్కడే సాయంత్రాలు రమ్మన్నాం. వరండా చివర పక్కకి తిరిగి కూర్చోవాలి, వాడికేసి చూడకూడదు, చెయ్యి చాపకూడదు, పిలవకూడదు.

"కుక్కకి పక్క చూపించి కూర్చోడవేంటండీ, ఎటునించొస్తాదో తెలీద్దేంటండి?"

"మూతికి బుట్ట ఉంది, తాడు నా చేతిలో ఉంది. మీరు టీ తాగండి చాలు."

తాగాడు. మొదట్లో కప్పు చేతిలో గడగడలాడింది. కర్రోడు దూరం నుంచి చూశాడు, ముక్క తిన్నాడు, చూశాడు, తిన్నాడు. కొన్ని సాయంత్రాలకి మేస్త్రి చెప్పు వాసన చూసి వచ్చేశాడు. ఆయన కదల్లేదు. తర్వాత ఆయనకి గెడ ఇచ్చి తొమ్మిదో వరసకి పంపాం. మా ఆయన విషయంలో నాలుగో వరసకొచ్చిన కుక్కే, మనిషి మారేసరికి మళ్ళీ తొమ్మిదిలో మొదలు. అలాగే ఉంటుందని మేడమ్ ముందే చెప్పారు. ఈసారి వరసలు తగ్గడం మాత్రం తొందరగా జరిగింది.

దింపు రోజు పాఠం రోజు కాదు. ముఠా ఉన్నంతసేపూ కర్రోడు పాకలో, రెండు తలుపుల వెనక, డొక్కల కుప్పతో. అత్తయ్యగారు కాపలా. ఒక్కసారి మాత్రం, దింపు సగం తోట దాటాక, కరిపించుకున్న కుర్రాడు లేని వైపు నుంచి, బుట్ట తొడిగి తాడుతో తీసుకొచ్చి గెడకి ఎనిమిది వరసల దూరంలో నిలబడ్డాం. గెడ ఆకుల్లోకి లేచింది. చూశాడు. ముక్క. గెల తెగి కాయలు ధబధబా పడ్డాయి. నేలకి అతుక్కుపోయాడు, చెవులు వెనక్కి పోయాయి. నేను వెనక్కి ఒక వరస నడిచాను, వాడూ లేచి వచ్చాడు. ఆగి ఒళ్ళు విదిలించుకున్నాడు. ముక్క అందుకున్నాడు. అక్కడితో ఆపి పాకలోకి తీసుకెళ్ళిపోయాను. ఇంకొక్క గెల చూపిద్దామని మా ఆయన అన్నారు, వినలేదు.

కాయ మొత్తం దిగింది. దెబ్బలు లేవు. ఆ కుర్రాడు వెళ్ళేటప్పుడు గేటు బయట నుంచి "ఎక్కడండీ మా నల్లోడు?" అని అడిగాడు కానీ లోపలికి రాలేదు. రావక్కర్లేదు.

ఫాల్గుణం, మిగిలిన పని

ఫ్లూఆక్సెటిన్ కొనసాగుతోంది, ఎప్పుడు తగ్గించాలో డాక్టరుగారు చూస్తారు. వేసవి సెలవులకి మా ఆడపడుచు పిల్లలొస్తారు. కర్రోడు చిన్నపిల్లల్ని ఎప్పుడూ చూడలేదు. పెద్దవాళ్ళు లేకుండా పిల్లలూ వాడూ ఒకే ఆవరణలో ఉండకూడదని ఆడపడుచుకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, ఆవిడ కొంచెం నొచ్చుకుంది. రెండో గేటు గడియ పిల్లలకి అందే ఎత్తులో ఉంది, మార్పించాలి. పక్క చెరువు వాళ్ళని టపాకాయలు మానెయ్యమని అడగలేం, కానీ పొద్దున్న ఏ వేళ కాలుస్తారో చెబుతామన్నారు, అది చాలు.

వచ్చే దింపుకి మేస్త్రి తన తమ్ముణ్ణి పరిచయం చేస్తానన్నాడు. కొత్తమనిషి కాబట్టి తొమ్మిదో వరస నుంచి. సోమవారం సాయంత్రం మొదలు. "కార్జం ఆడికి, టీ మాకేనాండీ" అన్నాడు మేస్త్రి. పకోడీ కూడా వేస్తానని అత్తయ్యగారు ఒప్పుకున్నారు.